నీవా

సోమవారం గ్రీవెన్స్‌కు ఢిల్లెమ్మ అర్జీ తేలేదు.
కూల్‌డ్రింకు సీసాలో నీళ్ళు తెచ్చింది.
మూత తీస్తే కలెక్టరేట్ హాలంతా
పులిసిన తోతాపురి కంపు.
"ఈటితోనే తోటకూర తడపతా ఉండా సామీ,
తినేది మీరే" అనింది.

పేరులో ఢిల్లీ ఉంది గానీ
ఆమె చూసిన పెద్దూరు వేలూరు,
అదీ ఆసుపత్రి వరకే.

సీసాకు నంబరు వేయడం కుదరదు.
తెల్లకాగితం మీద నేనే రాసిచ్చినాను,
నా చేతిరాత కింద ఆమె వేలిముద్ర:
చిత్తూరు నడిమధ్యన పారే నీవా నదిని
గుజ్జు ఫ్యాక్టరీల నీళ్ళ నుంచి కాపాడవలెనని.

ఆ కాగితం తిరిగిన దారి నాకు సగమే తెలుసు.
ఇంజనీరొకాయన ప్యాంటు మడిచి
ఏట్లోకి దిగకుండా వంతెన మీదనుంచే కొలిచినాడు.
పదకొండు కోట్ల నలభై లక్షలు.
ఆర్థిక శాఖ అడిగింది,
ఈ నది ఏడాదంతా పారునా, లేదా?
వానొస్తే నది, రాకుంటే ఫ్యాక్టరీల దయ అని రాసినాను.
చెంగల్రాయులు సారు అది కొట్టేసి
"పారదు" అని పెట్టినాడు.
పదకొండు ఏడయింది.
ఏడు మూడయింది.
మూడు, పర్యావరణ వ్యయ బిల్లు చివర
అనుబంధంలో ముప్పయ్యొకటో వరుసయింది.
(చట్టాలకు మనుషులతో ఉండే అనుబంధం
అంతమాత్రమే, ఆఖరి పేజీలో, చిన్నక్షరాల్లో.)

సచివాలయంలో ప్రూఫులు దిద్దే మనిషెవరో
నిద్ర చాలని రాత్రి
మా ఏటి పేరు చూసి, ఇది ప్రశ్న కదా అనుకున్నాడు.
పక్కన ఒక గుర్తు తగిలించినాడు.
నీవా? నది శుద్ధి.

ఎవరూ చూడలేదు.
మంత్రిమండలి చూడలేదు, న్యాయశాఖ చూడలేదు,
సభలో బల్లలమీద పంచిపెట్టిన కట్టల్లో
మా ముప్పయ్యొకటో వరుస
క్లిప్పు కింద నొక్కుకొని పడుకుంది.

ఆ మధ్యాహ్నం క్యారియర్ మూత తీయకుండా
టీవీ ముందు నిలబడినాను.
రెండో క్లాజు నుంచి తొమ్మిదో క్లాజు దాకా
ఒకే ఊపిరిలో చదివేసినారు.
అనుబంధమూ బిల్లులో భాగమే అన్నారు.
ఎవరైనా గట్టిగా చదివి ఉంటే బాగుండు!
ఆ చల్లటి హాల్లో ఒక్కసారి
నీవా? అని వినపడి ఉంటే
ఎన్ని వేళ్ళు పక్కవాడి వైపు తిరిగేవో.

అనుకూలురు అవును అనండి.
అవును.
వ్యతిరేకులు కాదు అనండి.
వాళ్ళప్పటికే వాకౌట్ చేసి లాబీలో టీ తాగతా ఉన్నారు.

నీవా?
అవును.
ఒక రాష్ట్రం నేరం ఒప్పుకున్నట్టే గదా అని
సెక్షన్లో నేనొక్కదాన్నే నవ్వినాను.
ఏమైంది మేడమ్ అని అటెండరు అడిగినాడు.
ఏం లేదన్నాను.

తర్వాత శాసనమండలికి పోయింది,
తాళిబొట్టును పెద్దల చేత తాకించినట్టు.
మార్చే హక్కు వాళ్ళకు లేదు,
పద్నాలుగు రోజులు పట్టుకోవచ్చునంతే.
ఆపైన గవర్నరు సంతకం.
ఆపైన గెజిట్.

గెజిట్ మా ఆఫీసుకు చేరేసరికి
తోటల్లో పిందె గట్టిపడతా ఉంది.
ఢిల్లెమ్మ కూరల గంప మెట్లమీద దించి వచ్చింది.
చదవడం రాదు, వేలితో తడిమింది.
"మా ఏరు యాడుంది దీంట్లో?"
చూపించినాను.
"దీని పక్కన ఈ కొక్కెమేంది?"
అచ్చుతప్పులేమ్మా, దిద్దుతారు అన్నాను.
"కొక్కెమైతే ఉండనీ,
ఏదో ఒకటి తగులుకుంటాది" అనింది.
నాలుగు కట్టలు మెంతికూర నా బల్లమీద పెట్టింది,
డబ్బులిస్తే తీసుకోలేదు.
ఇంటికి తీసుకుపోయినాను.
వండాలా వద్దా అని
రాత్రి ఎనిమిది దాకా చూస్తా కూచున్నాను.

చట్టమైతే అయింది.
డబ్బు దిగడానికి వేరే ఉత్తర్వు కావాలంట,
దానికి వేరే ఫైలు, వేరే నంబరు.
జూన్‌లో గుజ్జు మిషన్లు మళ్ళీ తిరగడం మొదలుపెట్టినాయి.
సీసా నా సొరుగులోనే ఉంది,
అడుగున వేలెడు మందాన పసుపుపచ్చని మడ్డి.

ప్రశ్నార్థకం తొలగించమని కోరుతూ
ప్రభుత్వానికి లేఖ తయారుచేయమన్నాడు చెంగల్రాయులు సారు.
చేసినాను.
ఇంకా పంపలేదు.